ఏలినవారి ఎదుట చిత్రకారుడు

పదవిలో ఉన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రూపచిత్రం గీయడాన్ని చిత్రకారులు సిట్టింగు అంటారు. గంటో గంటన్నరో ఒకే కుర్చీలో, ఒకే వెలుతురులో, ఒకే తీరున కూర్చోవాలి. ఒకసారితో పని అయిపోదు. తైలవర్ణ చిత్రమైతే నాలుగైదు సార్లయినా మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చోవలసి ఉంటుంది. గవర్నరైనా, దివానైనా, కలెక్టరైనా ఆ కాసేపూ మాట చిత్రకారుడిదే. తల కాస్త ఎడమకు తిప్పండి, గడ్డం దించండి, చూపు ఆ కిటికీ మీద ఉంచండి అని ఆయన చెబుతుంటే వినాలి. రోజంతా నలుగురికీ పనులు పురమాయించే మనిషిని ఇలా కదలకుండా కూర్చోబెట్టడం తేలిక కాదు. ఆ గంట సంపాదించడానికి చిత్రకారులు నెలలు తిరిగిన సందర్భాలున్నాయి. తెలుగునాట రూపచిత్రాల చరిత్రలో ఈ తిరుగుడుకు పెద్ద చోటే ఉంది. గొప్ప చేయి ఉన్నవాడికి తలుపు తెరుచుకోక బొమ్మ పుట్టకుండా పోయింది. ఏలినవారు ఓపిగ్గా కూర్చున్నందువల్ల రెండు వందల ఏళ్ళ కిందటి ముఖాలు ఇవాళ్టికీ నిలిచాయి.

సిట్టింగు జరిగే పద్ధతి తెలిస్తే ఇంత సమయం ఎందుకు కావాలో అర్థమవుతుంది. చిత్రకారుడు ముందు గది చూసుకుంటాడు. ఉత్తరపు కిటికీ ఉన్న గది దొరికితే అదృష్టమే. అటునుంచి నేరుగా ఎండ పడదు కాబట్టి వెలుతురు పూటంతా ఇంచుమించు ఒకే తీరున ఉంటుంది. కుర్చీని చిన్న అరుగులాంటి దాని మీద వేస్తారు. గీసేవాడు నిలబడి గీస్తాడు, కూర్చున్నవారి కళ్ళు ఆయన కళ్ళ ఎత్తుకు రావాలి. కుర్చీ నాలుగు కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గుర్తు పెడతారు. మరుసటి వారం అదే కుర్చీ జానెడు పక్కకు జరిగినా ముక్కు కింద నీడ మారిపోతుంది. మొదటి రోజు బొగ్గు కణికతో ముఖం కొలతలు పడతాయి. నుదురు ఎంత, కళ్ళ మధ్య ఎడం ఎంత, పెదవి ఎక్కడ వాలింది అన్నవి చూసుకుంటాడు. తరువాతి సారి పలచని రంగులో వెలుగునీడలు. నూనె రంగు ఆరడానికి రోజులు పడుతుంది గనుక నడుమ ఎడం ఇవ్వాలి. చర్మపు రంగు, కంటి తడి, కణతల దగ్గర పచ్చదనం చివరి కూర్చోవడాల్లో వస్తాయి. కోటు, తలపాగా, శాలువ, చేతులు గీసేటప్పుడు అసలు మనిషి ఉండనక్కరలేదు. బట్టలు అడిగి తెచ్చుకుని మరొకరికి తొడిగి గీసుకుంటారు. అడిగే సమయమంతా ముఖం కోసమే.

ఎంత పెద్దవారైనా మొదటి అరగంట ముఖం బిగబట్టుకునే కూర్చుంటారు. పదవికి తగిన ముఖం అది. రెండో సిట్టింగుకు భుజాలు దిగుతాయి, నోటి చివరల బిగువు సడలుతుంది, ఏదో ఆలోచనలో పడి చూపు లోపలికి పోతుంది. మంచి చిత్రకారుడు కాచుకుని ఉండేది ఆ క్షణం కోసం. ఒక్క సిట్టింగుతో సరిపెట్టుకోమన్నప్పుడు దక్కేది ఆ మొదటి ముఖమే.

తెలుగు దేశంలో పాలకుల బొమ్మలు సిట్టింగుల కన్నా చాలా ముందే ఉన్నాయి. తిరుమల గుడిలో ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలిచిన కృష్ణదేవరాయల లోహ విగ్రహం అందరికీ తెలిసినదే. గోలకొండ కాలానికి కాగితం మీద ముఖాలు గీసే పనివాళ్ళు వర్ధిల్లారు. వాళ్ళ పద్ధతి వేరు. సుల్తాను కొలువు తీరినప్పుడు దూరాన నిలబడి చూడాలి, చూసినది మనసులో పెట్టుకుని ఇంటికి వచ్చి గీయాలి. ఒకసారి కుదిరిన ముఖానికి పలచని తోలు మీద అచ్చు తీసి, గీతల వెంట సూదితో రంధ్రాలు పొడిచి, బొగ్గుపొడి అద్ది కావలసినన్ని నకళ్ళు తీసేవారు. మచిలీపట్నం తీరంలో అద్దకం పనివాళ్ళు బట్ట మీదికి నమూనా దించుకున్నదీ ఇలాంటి బొగ్గుపొడితోనే. ఆ ముఖచిత్రాల వరుసలు డచ్చి వర్తకుల చేతుల్లో ఐరోపాకు చేరాయి. డచ్చి కంపెనీలో కొలువు చేసి వెళ్ళిన డేనియల్ హవార్ట్ 1693లో అచ్చు వేయించిన కోరమాండల్ చరిత్రలో అక్కన్న మాదన్నల ముఖాలున్నాయి. గోలకొండ సుల్తాను తానాషా కొలువులో రాజ్యం నడిపి, 1686లో హత్యకు గురైన ఆ మంత్రుల పేర్లు బెజవాడ కొండగుహలకు నిలిచినట్టే, రూపాలు ఆ పుస్తకంలో నిలిచాయి. ఆ ముఖాల్లో ఎంతవరకు వాళ్ళున్నారో చెప్పడం మాత్రం కష్టం. పక్క నుంచి, దూరం నుంచి చూసి, నకలుకు నకలు తీసిన ముఖంలో పోలిక నిలుస్తుంది గానీ మనిషి స్వభావం అంతగా నిలవదు.

రెండో ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో వెంకటాచలం అనే చిత్రకారుడు ఉండేవాడు. పద్దెనిమిదో శతాబ్దం చివర హైదరాబాదు దర్బారు ముఖాలు ఇప్పటివాళ్ళకు తెలిసింది చాలావరకు ఇలాంటి ఆస్థాన చిత్రకారుల చేతిమీదుగానే. ఆస్థానంలో కొలువున్నవాడికి ఒక వెసులుబాటు ఉంది. ప్రత్యేకంగా సమయం అడగనక్కరలేదు. వేటకు వెళితే వెంట ఉంటాడు, పండగ దర్బారులో మూల నిలబడతాడు, ఏళ్ళ తరబడి అదే ముఖాన్ని చూస్తాడు. ఆ నిత్యపరిచయం లేని బయటి చిత్రకారుడు వచ్చినప్పుడే సిట్టింగు కోసం అర్జీ పెట్టుకోవడం మొదలయింది.

అలా బయటినుంచి వచ్చినవారిలో థామస్ హికీ ఒకడు. 1741లో డబ్లిన్‌లో పుట్టి, బతుకుతెరువు వెతుక్కుంటూ మద్రాసు చేరాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోగానే అక్కడికి వెళ్ళి ఈస్టిండియా కంపెనీ అధికారుల ముఖాలు వరుసగా సుద్దతో గీసుకున్నాడు. టిప్పు కొడుకులనూ, మైసూరు దివాను పూర్ణయ్యనూ చిత్రించాడు. కంపెనీకి ఆస్థాన చిత్రకారుడుగా తనను నియమించమని అర్జీ కూడా పెట్టుకున్నాడు. అది నెరవేరలేదు. 1824లో మద్రాసులోనే పోయాడు.

తెలుగువారికి ఆయన మిగిల్చిన బొమ్మ 1816 నాటిది. కల్నల్ కోలిన్ మెకంజీ అంతకు ముందు ఏడే భారతదేశానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. త్వరలో మద్రాసు విడిచి కలకత్తా వెళ్ళాలి. వెళ్ళేలోగా హికీ ఎదుట కూర్చున్నాడు. మామూలుగా ఆ కాలపు అధికారి చిత్రంలో ఎర్ర కోటు, కత్తి, వెనుక ఒక తెర ఉంటాయి. మెకంజీ చిత్రంలో ఎర్ర కోటు ఉంది, ఆయన చుట్టూ ముగ్గురు భారతీయులున్నారు. ఒకరి చంకలో దుర్భిణి, మరొకరి చేతిలో తాటాకు. వెనకాల గుట్ట మీద దిగంబరంగా నిలిచిన గోమఠేశ్వరుడు, దూరంగా సర్వేవాళ్ళు పాతే గుర్తుకర్ర. ఆ ముగ్గురిలో ఒకరు కావలి వెంకటలక్ష్మయ్య అని చరిత్రకారులు చెబుతూ వచ్చారు. కావలి సోదరులది ఏలూరు. పెద్దవాడు బొర్రయ్య మెకంజీ కోసం శాసనాలు, కైఫీయతులనే ఊరి చరిత్రలు సేకరించే పని మొదలుపెట్టి 1803లో చనిపోతే, ఆ బరువు లక్ష్మయ్య ఎత్తుకున్నాడు. కృష్ణా గోదావరి సీమల్లో ఏ ఊరి కైఫీయతు చదివినా ఆ సోదరులు పంపిన మనుషుల కష్టం కనిపిస్తుంది.

ఆ చిత్రం ముందు నిలబడి చూడవలసింది లక్ష్మయ్య సంగతే. సర్వేయర్ జనరల్ సిట్టింగు ఇచ్చాడు, తనతో పనిచేసిన వాళ్ళనూ ఆ గదిలోకి రానిచ్చాడు. ఒక పెద్ద ఉద్యోగి ఎవరి చదువు మీద, ఎవరి నడక మీద నిలబడ్డాడో బొమ్మలోకి రావడం ఆ కాలంలో అరుదు. ఆ తరువాత జరిగింది బాధ కలిగిస్తుంది. 1821లో మెకంజీ పోయాక ఆ సేకరణ పని తాను సాగిస్తానని లక్ష్మయ్య ఎంత అడిగినా కంపెనీ ప్రభుత్వం ఆయనకు అప్పగించలేదు. ఏలూరు మనిషి రూపం మాత్రం ఇవాళ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీకి చెందిన ఆ చిత్రంలో సర్వేయర్ జనరల్ పక్కన నిలిచి ఉంది. హికీకి, మెకంజీకి నడుమ ఒకే ఊళ్ళో ఉండే సదుపాయం, కూర్చునేవాడి ఆసక్తి రెండూ కలిసొచ్చాయి. తలుపు దానంతటదే తెరుచుకుంది.

దేశీయ చిత్రకారుడికి అదే మద్రాసులో ఆ తలుపు తెరుచుకోవడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. 1868లో థియొడోర్ జెన్సన్ అనే చిత్రకారుడు తిరువనంతపురం వచ్చి మహారాజును చిత్రిస్తుంటే, ఇరవై ఏళ్ళ రవివర్మకు పక్కన నిలబడి చూడడానికే అనుమతి దొరికింది. నూనె రంగులు కలిపే తీరు ఆ చూపుతోనే చాలావరకు పట్టాడు. 1873లో మద్రాసు ప్రదర్శనలో గవర్నరు బంగారు పతకం వచ్చింది. ఆ పేరుతో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ ఆయన ఎదుట కూర్చున్నాడు. 1875 నుంచి 1880 దాకా గవర్నరుగా ఉన్న ఈ డ్యూకు అంతకు ముందు ఒక ఐరోపా చిత్రకారుడికి పద్దెనిమిది సిట్టింగులు ఇచ్చినా పోలిక కుదరలేదని, రవివర్మ అంతకు ఎంతో తక్కువలో సాధించాడని ఆయన జీవితచరిత్రల్లో చెబుతారు. లెక్క ఎలా ఉన్నా, గవర్నరు ముఖం దేశీయుడి చేత గీయించుకోవడం సంస్థానాలన్నిటికీ ఒక కబురు పంపింది. ఆ తరువాత మైసూరు, బరోడా, ఉదయపూరు దర్బారులు ఆయనను పిలిచాయి.

పిలుపు లేనిచోట ఏమవుతుందో హైదరాబాదు చూపించింది. 1902 నాటికి రవివర్మకు యాభై దాటాయి. బొంబాయిలో 1894లో పెట్టిన అచ్చుకూటం అప్పుల్లో పడింది. పెద్ద దర్బారు నుంచి పెద్ద పని ఒకటి రావాలి. దేశంలోకెల్లా పెద్ద సంస్థానం నిజాముది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఒక్కసారి ఎదుట కూర్చుంటే ఆ బొమ్మ వెనక ఎన్నో బొమ్మలు వస్తాయి. ఆ ఆశతో రవివర్మ, ఆయన తమ్ముడు, తానూ చిత్రకారుడే అయిన సి. రాజరాజవర్మ హైదరాబాదు వచ్చారు. వాళ్ళకు ఆశ్రయమిచ్చినవాడు రాజా దీన్‌దయాళ్. నిజాము దగ్గర ఛాయాగ్రాహకుడుగా 1894లో ముసవ్విర్ జంగ్ రాజా బహదూర్ అనే బిరుదు పొందిన మనిషి. నిజాము ముఖాన్ని ఆయన కెమెరా ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. దర్బారులో, వేటలో, పులి పక్కన, గుర్రం మీద. అలాంటివాడు చేయి పట్టుకుని తీసుకువెళితే తలుపు తెరుచుకోకపోతుందా అని ఎవరికైనా అనిపిస్తుంది.

తెరుచుకోలేదు. రాజరాజవర్మ రోజూ డైరీ రాసేవాడు, అది తరువాత కాలంలో అచ్చయింది కాబట్టి ఆ నిరీక్షణ సంగతి తెలిసింది. కొలువులో పెద్దలను కలవడం, ఒకరు ఇంకొకరికి చెబుతామనడం, ఇవాళ కాదు రేపు అనడం, ఆ రేపు రాకపోవడం. మహబూబ్ అలీఖాన్ కాలం పట్టింపు లేని మనిషి. మంత్రులే ఆయన దర్శనం కోసం పడిగాపులు కాసేవారు. పైగా ఆ ఏడు దర్బారు తల మీద పెద్ద బరువు ఉంది. మార్చి చివర వైస్రాయి కర్జన్ స్వయంగా హైదరాబాదు వచ్చి బేరారు జిల్లాలను శాశ్వత కౌలుకు ఇవ్వమని నిజామును ఒత్తిడి చేశాడు. ఆ రాజకీయం నడుమ ఇద్దరు మలయాళీ చిత్రకారుల కోసం కుర్చీ వేసి కూర్చునే తీరిక ఎవరికి ఉంటుంది? వారాలు గడిచాయి. చివరికి ఆశించిన సిట్టింగు దక్కకుండానే అన్నదమ్ములు తిరుగుముఖం పట్టారు. మూడేళ్ళలో రాజరాజవర్మ, దీన్‌దయాళ్ ఇద్దరూ పోయారు. 1906లో రవివర్మ కూడా పోయాడు. దేశమంతా ఇళ్ళలో ఎవరి లక్ష్మీ సరస్వతుల పటాలు పెట్టుకుందో ఆయన చేతి నుంచి నిజాము ముఖం కళ్ళారా చూసి గీసిన చిత్రం రావలసింది, రాలేదు. హైదరాబాదు కళాచరిత్రలో అది నిజమైన లోటు.

ఈ కథలో దీన్‌దయాళ్ ఉన్న చోటు గమనించదగినది. ఛాయాచిత్రానికి నిజాము కొన్ని క్షణాలు నిలబడితే చాలు. ఆ క్షణాలు ఇచ్చాక మళ్ళీ గంటల తరబడి కూర్చోవలసిన అవసరం ఏమిటని దర్బారుకు అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి దేశమంతటా ఇదే పరిస్థితి. ఛాయాచిత్రం మీద గళ్ళు గీసి, కాన్వాసు మీద పెద్ద గళ్ళు గీసి, గడికి గడి చూసి ముఖం దించుకోవడం మామూలయింది. తెలుగు పట్టణాల్లో సైన్‌బోర్డు రాసే ఆర్టిస్టులు, బెజవాడ సినిమా బ్యానర్లు గీసిన చేతులు, ఎన్నికల కటౌట్లు నిలిపినవాళ్ళు అందరూ ఆ గళ్ళ విద్యలో ఆరితేరినవారే. పోస్టుకార్డంత ఫోటో చూసి ముప్ఫై అడుగుల ముఖం గీసి, కింద నిలబడితే కళ్ళు తమనే చూస్తున్నట్టు జనానికి అనిపించేలా చేయగలిగారు. అది చిన్న నైపుణ్యం కాదు. ఫ్లెక్సీలు వచ్చి ఆ బతుకులను తుడిచిపెట్టాయి. అయినా ఫోటో నుంచి తీసిన ముఖానికి ఒక హద్దు ఉంది. కెమెరా పట్టుకున్న ఆ ఒక్క క్షణపు ముఖమే అందులో ఉంటుంది, మిగతా గంట ఉండదు.

అదే కాలంలో తెలుగు చిత్రకారులు కొందరు పెద్ద ఉద్యోగుల గుమ్మాలను వదిలేసి వేరే దారి పట్టారు. రాజమండ్రిలో దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూలులో రూపచిత్రణ బాగా నేర్చుకునీ, తన చుట్టూ ఉన్నవాళ్ళనూ గోదావరి గట్టునూ గీశాడు. 1925లో ముప్ఫై ఏళ్ళు నిండకుండానే మశూచితో పోయాడు. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్‌కుమార్ చటర్జీ దగ్గర చదివిన అడివి బాపిరాజు ప్రభృతులు పురాణాల వైపు, పల్లెల వైపు తిరిగారు. అధికారుల ముఖాలు ఫోటో స్టూడియోల పాలయ్యాయి.

బయటి దేశాల్లో ఫోటోకు ముందూ తరువాతా సిట్టింగు ఆచారం సాగింది. అమెరికాలో గిల్బర్ట్ స్టూవర్ట్ ప్రధాన న్యాయమూర్తి జాన్ జే ఇచ్చిన పరిచయపత్రం పట్టుకుని అధ్యక్షుడు వాషింగ్టన్ దగ్గరికి వెళ్ళి, 1795లో మొదటి సిట్టింగు సంపాదించాడు. హైదరాబాదులో రవివర్మ ఎదురుచూసిన మరుసటి ఏడే, 1903 ఫిబ్రవరిలో, జాన్ సింగర్ సార్జెంట్ శ్వేతసౌధంలో మకాం పెట్టి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌ను చిత్రించాడు. అధ్యక్షుడికి ఒకచోట నిలవడం చేతకాదు. వెలుతురు కోసం గది గదీ తిరిగారు, ఏదీ నచ్చలేదు. మేడ మెట్లెక్కుతూ విసుగ్గా వెనక్కి తిరిగిన రూజ్‌వెల్ట్ చేయి మెట్ల కమ్మీ గుబ్బ మీద పడింది. అలాగే ఉండండి అన్నాడు సార్జెంట్. ఆ నిలుపే చిత్రమయింది. భోజనం తరువాత రోజుకు అరగంట మాత్రమే ఇచ్చాడు రూజ్‌వెల్ట్. ఆ అరగంటలోనే ఆ మనిషి తొందర అంతా కాన్వాసు మీదికి వచ్చింది. 1954లో బ్రిటిషు పార్లమెంటు చర్చిల్ ఎనభయ్యో పుట్టినరోజుకు గ్రాహమ్ సదర్‌లాండ్ చేత గీయించిన చిత్రం సంగతి వేరు. చర్చిల్ సిట్టింగులు ఇచ్చాడు, సదర్‌లాండ్ చూసింది చూసినట్టు గీశాడు. ఆ ముసలి ముఖం చర్చిల్‌కు నచ్చలేదు. ఇంటివాళ్ళు ఆ పటాన్ని తరువాత నాశనం చేశారు. సమయం ఇచ్చినవారు తాము చూడదలచని ముఖాన్ని కూడా ఒప్పుకోవలసి రావచ్చు.

భారతదేశంలో ప్రభుత్వోద్యోగి రూపచిత్రానికి కూర్చోవడానికి నియమాలే ఉన్నాయి. బ్రిటిషు కాలం నాటి ఉద్యోగుల ప్రవర్తన నియమాల్లో ఈ మాట విడిగా రాశారు. ఏదైనా ప్రజాసంస్థ కోరితే ఉద్యోగి చిత్రపటానికో శిల్పానికో కూర్చోవచ్చు, అది ఆయనకే కానుకగా ఇచ్చేది కాకూడదు. ఇప్పటి ఐ.ఎ.ఎస్., ఐ.పి.ఎస్. అధికారులకు వర్తించే 1968 నాటి అఖిల భారత సర్వీసుల ప్రవర్తన నియమాలు కూడా కానుకల మీద, తమ గౌరవార్థం జరిగే సన్మానాల మీద హద్దులు పెట్టాయి. అంటే చిత్రకారుడు అధికారికి బొమ్మ గీసి ఇస్తానంటే చిక్కు వస్తుంది. ఊరి గ్రంథాలయానికో, కళాశాలకో, జిల్లా పరిషత్తుకో ఆ సంస్థ కోరిక మీద గీస్తానంటే దారి సుగమం.

నూజివీడు దగ్గరి విస్సన్నపేట లాంటి చోట ఈ వెసులుబాటును వాడుకోవచ్చు. నూజివీడు మామిడి సీమలో చేతిపని తెలిసినవాళ్ళకు కొదువ లేదు. నూజివీడులో పనసకర్రతో వీణలు చేస్తారు. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కి మనుషుల బొమ్మలకు ముక్కూ ముఖమూ దిద్దుతారు. ఇక్కడి ఒక యువ చిత్రకారుడికి జిల్లా కలెక్టరు చిత్రం గీయాలనిపించిందనుకుంటే, ముందు ఏ కలెక్టరో చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు విస్సన్నపేట తిరువూరు డివిజనుతో పాటు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, నూజివీడు ఏలూరు జిల్లాకు వెళ్ళింది. కనుక అర్జీ బెజవాడ కలెక్టరేటుకు చేరాలి. అది కలెక్టరు చేతికి చేరేలోపు పేషీలో ఆగుతుంది. క్యాంపు క్లర్కు, సీసీ అని అందరూ పిలిచే ఆయన, రోజువారీ సమయపట్టిక చూసుకునే మనిషి. 1902లో దర్బారు గుమ్మం దగ్గర ఉన్నవాళ్ళ స్థానంలో ఇప్పుడు ఆయన ఉన్నాడు. ఆయనతో మర్యాదగా మాట్లాడి, గీసిన పాత బొమ్మల ఫోటోలు రెండు చూపించి, ఎన్ని గంటలు కావాలో ఒకే మాటగా చెప్పడం ఎంతో మేలు చేస్తుంది. వీలైనప్పుడు అని రాస్తే వీలు ఎప్పటికీ రాదు. ఫలానా నెలలో గంట చొప్పున నాలుగు సార్లు, ఉదయం తొమ్మిదిలోపు, క్యాంపు ఆఫీసులో ఉత్తరపు కిటికీ ఉన్న గదిలో అని రాస్తే అవుననో కాదనో జవాబు వస్తుంది.

నెల ఎంచుకోవడంలోనూ తెలివి ఉండాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బంగినపల్లి, చిన్నరసం, కలెక్టరు రకాల మామిడికాయల లారీలు కదిలే కాలం. గాలివానకు కాయ రాలితే నష్టం అంచనాలు, ధర పడిపోతే రైతుల ధర్నాలు, తాగునీటి ఎద్దడి అన్నీ అప్పుడే అధికారుల మీద పడతాయి. వర్షాలు పడి వరదల భయం తగ్గాక, ఎన్నికల నోటిఫికేషను దరిదాపుల్లో లేనప్పుడు అడగడం మంచిది. బదిలీలు రెండు మూడేళ్ళకే వస్తాయి గనుక వచ్చిన మొదటి ఏడే అడగాలి.

ఎదురుచూసే రోజుల్లో చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. సోమవారం అర్జీల దినం. కలెక్టరు నలుగురికీ కనిపించేలా కూర్చుంటారు, ఒకరి తరువాత ఒకరు కాగితం పట్టుకుని వస్తారు. హాలులో వెనక వరుసలో చిన్న స్కెచ్చి పుస్తకంతో కూర్చున్నవాడికి ఆ రెండు గంటల్లో గోలకొండ పనివాడికి దొరికిన దర్శనం కన్నా ఎక్కువే దొరుకుతుంది. పింఛను ఆగిన ముసలమ్మ మాట వింటున్నప్పుడు కనుబొమలు ఎలా దగ్గరవుతాయి, సర్వే నంబరు తప్పిందని రైతు గట్టిగా అరిచినప్పుడు దవడ ఎలా బిగుస్తుంది, కింది ఉద్యోగి వైపు తిరిగి ఇది ఇవాళే చూడండి అన్నప్పుడు చేయి ఎలా లేస్తుంది అన్నవి అక్కడే తెలుస్తాయి. ఈ స్కెచ్చిలు దగ్గర ఉంటే, తరువాత ఇచ్చే గంటలో బిగబట్టిన ముఖం వెనక వెతకవలసిందేమిటో చిత్రకారుడికి ముందే తెలిసి ఉంటుంది.

అసలు ఈ పని కలెక్టరుతోనే మొదలుపెట్టాలనీ లేదు. విస్సన్నపేట తహసీల్దారు, ఎంపీడీవో, ప్రభుత్వాసుపత్రి వైద్యాధికారి, ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు అందుబాటులో ఉన్న అధికారులే. వాళ్ళ గది బయట పేషీ ఉండదు, జవాను ఒకాయన ఉంటాడు. సాయంత్రం ఆఫీసు మూశాక గంటసేపు కూర్చోమంటే ఒప్పుకునేవారు ఉంటారు. రాష్ట్రమంతటా కార్యాలయాల గోడల మీద ఒకే ఫోటో నుంచి తీసిన నాయకుల పటాలు వేలాడుతుంటాయి. వాటి పక్కన, ఆ ఊళ్ళో నిజంగా పనిచేసి వెళ్ళిన ఒక మనిషిని ఎదురుగా చూసి గీసిన చిత్రం ఒకటి ఉంటే, ఇరవై ఏళ్ళ తరువాత ఆ గదిలోకి వచ్చినవారు దాని ముందు ఆగుతారు. మెకంజీ పక్కన లక్ష్మయ్య నిలిచినట్టు, తహసీల్దారు పక్కన ఏళ్ళ తరబడి ఆ మండలం పొలాలన్నీ కొలిచిన సర్వేయరో, దస్త్రాలన్నీ కంఠతా వచ్చిన గుమాస్తానో నిలబడితే ఆ చిత్రం ఇంకా నిండుగా ఉంటుంది.

చిత్రం ముగియకుండానే బదిలీ ఉత్తర్వులు వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందుకే అనుభవమున్నవారు మొదటి సిట్టింగులోనే కళ్ళు, నోరు పూర్తిగా పట్టుకుంటారు, రంగుల వివరాలు పక్కన రాసి పెట్టుకుంటారు. మిగిలింది స్కెచ్చిల సాయంతో పూర్తి చేసి, వెనకవైపు కూర్చున్నవారి పేరు, హోదా, ఏ రోజుల్లో ఏ గదిలో గీసిందీ, ఏ సంస్థ కోరిక మీద గీసిందీ రాసి, ఆ సంస్థకు రసీదు తీసుకుని అప్పగిస్తారు.